రాబోవు సవారీలను గూర్చిన ఊహ: అనుమానప్రమాణముపై ఒక పాఠము

ఉపోద్ఘాతము

తెలుగున 'అనుమానము' అను మాటకు రెండు అర్థములు కలవు. వాడుకలో దానికి సందేహమని అర్థము. "వానిమీద నాకు అనుమానముగా నున్నది" అని పలుకువానికి నిశ్చయము లేదు. తర్కశాస్త్రమున అదే మాటకు, కనబడిన గుర్తునుబట్టి కనబడని దానిని నిర్ణయించుట అని అర్థము. కొండమీద పొగను చూచి, అచట నిప్పు కలదని చెప్పువాడు చేయునది ఈ రెండవ అనుమానము. మొదటిది తెలియకపోవుటకు పేరు. రెండవది తెలిసికొనుటకు మార్గము. ఒకే మాటలో ఇమిడియున్న ఈ రెండింటి నడుమ దూరమెంత, మొదటిదానినుండి రెండవదానికి పోవు దారి యెట్టిది అను విషయమును విద్యార్థులకు విశదపరచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇందులకు పిల్లలకు ప్రియమైన ఉదాహరణమునే గ్రహింతము. అమెరికాలోని వినోదోద్యానములలో రోలర్ కోస్టరు అను సవారీ ప్రసిద్ధమైనది. ఎత్తయిన పట్టాలమీదనుండి బండ్ల వరుస వేగముగా క్రిందికి జారి, మెలికలు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి చేరును. మన తిరునాళ్ళలోని రంగులరాట్నమునకు ఇది దూరపు చుట్టము. ఫలానా ఉద్యానమునకు రాబోవు సంవత్సరమున ఏ క్రొత్త సవారీ వచ్చును అని ఊహించుట ఆ దేశమున అనేకులకు ప్రీతికరమైన వ్యాపకము. కోస్టరుల అభిమానులు 1978 లో 'అమెరికన్ కోస్టర్ ఎంథూసియాస్ట్స్' అను సంఘమునే స్థాపించుకొనిరి. అభిమానుల ఊహలలో కొన్ని వట్టి పుకార్లు. కొన్ని చక్కని తర్కములు. ఏది పుకారో, ఏది తర్కమో విడదీయుటయే మన పని.

ఒకే యాజమాన్యము, అనేక ఉద్యానములు

ఒంటరియైన ఉద్యానమును గూర్చి ఊహించుట కష్టము. ఒకే సంస్థ అనేక ఉద్యానములను నడపుచున్నప్పుడు ఊహకు ఆధారము చిక్కును. ఏలయనగా ధనాగారమొకటి, నిర్ణయించువారు కొందరే, ఉద్యానములు మాత్రము పెక్కు. కావున ఒకచోట జరిగినది మరొకచోట జరుగుటకు అవకాశము కలదు. జరిగినదానిని వరుసగా పరిశీలించిన ఒక నడవడి కనబడును.

అమెరికాలో ఇట్టి సంస్థలలో సిక్స్ ఫ్లాగ్స్ ఒకటి. 1961 లో యాంగస్ విన్ అను వర్తకుడు టెక్సస్ రాష్ట్రమున ఆర్లింగ్టన్ పట్టణములో మొదటి ఉద్యానమును తెరచెను. టెక్సస్ నేలమీద చరిత్రలో ఆరు రాజ్యముల పతాకములు ఎగిరినవి గనుక దానికి 'ఆరు జెండాలు' అను అర్థముగల పేరు పెట్టిరి. 1967 లో జార్జియాలోను, 1971 లో సెయింట్ లూయీ నగర సమీపమునను మరి రెండు వెలసినవి. పిమ్మట ఆ సంస్థ అనేక ఉద్యానములను కొనెను. రెండవ సంస్థ సెడార్ ఫెయిర్. ఒహాయో రాష్ట్రమున ఈరీ సరస్సు తీరమున 1870 లో విహారస్థలముగా ప్రారంభమైన సెడార్ పాయింట్ దానికి మూలము. ఈ రెండు సంస్థలును చిరకాలము పోటీపడి, 2024 జూలై 1 వ తేదీన విలీనమై, సిక్స్ ఫ్లాగ్స్ అను పేరనే నిలిచినవి. విలీనమైననాడు నీటి ఉద్యానములతో కలిపి వాటి సంఖ్య 42. క్రింద చెప్పబోవు సంగతులలో చాలవరకు విలీనమునకు పూర్వపువి యని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

మొదటి గుర్తు: ఒకచోటిది మరొకచోటికి వచ్చుట

1992 లో షికాగో నగర సమీపమునగల సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికాలో 'బ్యాట్‌మాన్ ది రైడ్' అను సవారీ తెరువబడినది. అంతవరకు కోస్టరు బండ్లు సాధారణముగా పట్టాలమీద నడచెడివి. ఇందు బండ్లు పట్టాలక్రింద వ్రేలాడును, కూర్చున్నవారి కాళ్ళు గాలిలో తేలును. ఇట్టి నిర్మాణమునకు ఇదియే మొదటిది. జనులు దానిని మెచ్చుకొనిరి. 1993 లో న్యూజెర్సీలోని గ్రేట్ అడ్వెంచర్‌లోను, 1994 లో కాలిఫోర్నియాలోని మేజిక్ మౌంటెన్‌లోను, 1995 లో సెయింట్ లూయీ ఉద్యానమునందును, 1997 లో జార్జియాలోను, 1999 లో టెక్సస్‌లోను ఆ సంస్థయే అదే సవారీని నిలిపెను. 1993, 1994 సంవత్సరములలో దీనిని కనిపెట్టినవాడు, "తరువాత మరియొక ఉద్యానమునకు ఇది వచ్చును" అని చెప్పిన, అది జోస్యము కాదు, అనుమానము. ఏ ఉద్యానమునకు, ఏ సంవత్సరమున అని మాత్రము అతడు చెప్పజాలడు. గుర్తు ఎంతవరకు చెప్పునో అంతవరకే చెప్పుట మంచి తార్కికుని లక్షణము.

కొన్నిమారులు నమూనా కాదు, సవారీయే తరలివచ్చును. కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరములోని ఉద్యానమున 'చాంగ్' అను కోస్టరు 1997 నుండి నడచెను. అందు జనులు నిలుచుండియే ప్రయాణము చేసెడివారు. 2009 లో దానిని విప్పివేసిరి. పనికిరాని ఇనుమును ముక్కలుగా కోయుదురు. మరల అమర్చదలచిన పట్టాలను బోల్టులు విప్పి జాగ్రత్తగా దించుదురు. కావున విప్పిన తీరే ఒక గుర్తు. ఆ పట్టాలే 2011 లో న్యూజెర్సీలోని గ్రేట్ అడ్వెంచర్‌లో 'గ్రీన్ లాంటర్న్' అను పేరుతో మరల నిలిచినవి.

రెండవ గుర్తు: పాతది మూతపడుట

కొయ్యతో కట్టిన పెద్ద కోస్టరులకు వృద్ధాప్యము త్వరగా వచ్చును. కొయ్య ఎండకు బిగియును, వానకు ఉబ్బును; బండ్ల బరువునకు పట్టాల అమరిక సడలును; ప్రయాణము కుదుపులమయమగును. మరమ్మతులకు ధనము వ్యయమగును, ఎక్కువారు తగ్గుదురు. ఐడాహో రాష్ట్రమునకు చెందిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అను నిర్మాణసంస్థ దీనికొక ఉపాయము కనిపెట్టెను. పాత కొయ్య కట్టడమును చాలవరకు నిలిపి, పైపట్టాలను మాత్రము తీసివేసి, వానిచోట ఉక్కు పట్టాలను వేయుటయే ఆ ఉపాయము. 1990 లో తెరువబడిన టెక్సస్ జెయింట్ 2011 లో ఈ రీతిని క్రొత్త జన్మమెత్తినది. 1992 నాటి రాట్లర్ 2013 లో ఐరన్ రాట్లర్ ఆయెను. 1978 నాటి కొలాసస్ 2015 లో ట్విస్టెడ్ కొలాసస్ ఆయెను. 1983 నాటి సైక్లోన్ సైతము 2015 లో విక్డ్ సైక్లోన్ ఆయెను. ఈ నాలుగును సిక్స్ ఫ్లాగ్స్ ఉద్యానములలోనివే.

అంతట 2016 సెప్టెంబరులో, పోటీసంస్థయైన సెడార్ ఫెయిర్ తన సెడార్ పాయింట్ ఉద్యానములోని 'మీన్ స్ట్రీక్' అను కొయ్య కోస్టరును మూసివేసెను. అది 1991 నాటిది. తరువాత ఏమి చేయుదురో సంస్థ వెంటనే తెలుపలేదు. కాని కట్టడము కూల్చబడలేదు. ఈ సందర్భమున అభిమానుల ఊహను మన తర్కశాస్త్రములోని ఐదు అవయవములుగా అమర్చి చూతము.

ప్రతిజ్ఞ: మీన్ స్ట్రీక్ ఉక్కు పట్టాలతో మరల తెరువబడును.
హేతువు: అది ముదిరిన పెద్ద కొయ్య కోస్టరగుటచేతను, మూసిన పిదప కట్టడము నిలిచియుండుటచేతను.
ఉదాహరణము: ఏది ఇట్లు మూతపడి కట్టడముతో నిలిచినదో అది ఉక్కు పట్టాలతో మరల తెరువబడినది, టెక్సస్ జెయింట్ వలె, రాట్లర్ వలె.
ఉపనయము: మీన్ స్ట్రీక్ కూడ అట్టిదే.
నిగమనము: కావున అదియు అట్లే తెరువబడును.

2017 ఆగస్టులో సంస్థ ప్రకటన చేసెను. 2018 మే నెలలో 'స్టీల్ వెంజెన్స్' అను పేరుతో అది తెరువబడినది. ఎత్తు 205 అడుగులు. ఊహ ఫలించినది. అయినను మనము మెచ్చుకొనవలసినది ఫలించుటను గాదు, హేతువును. గుడ్డిగా చెప్పిన మాట సైతము ఒక్కొక్కప్పుడు నిజమగును. దానివలన చెప్పినవానికి జ్ఞానము కలదని తేలదు.

హేతువు తప్పిన తావులు

పైని చెప్పిన ఉదాహరణములనుబట్టి, "ముదిరిన కొయ్య కోస్టరులన్నియు ఉక్కువిగా మారును" అని సూత్రము చేయవచ్చునా? చేయరాదు. ఇందుకు రెండు కవలజంటలు సాక్ష్యము.

మొదటి జంట పేరు 'రోర్'. ఒకే నిర్మాణసంస్థ కట్టిన ఈ పేరుగల కోస్టరులు రెండు. ఒకటి 1998 లో మేరీలాండులోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికాలోను, రెండవది 1999 లో కాలిఫోర్నియాలోని డిస్కవరీ కింగ్‌డమ్‌లోను వెలసినవి. రెండవది 2015 లో మూతపడి, 2016 లో ఉక్కు పట్టాలతో 'జోకర్' అయినది. ఇంక మొదటిదానికిని అదే గతి పట్టునని భావించుట సహజము. పేరొకటి, వయస్సొకటి, యజమాని ఒకడు. కాని అది కొయ్యపట్టాలతోనే నడచెను. తుదకు 2025 నవంబరు 2 వ తేదీన ఆ ఉద్యానమే మూతపడినది.

రెండవ జంట పేరు 'హర్లర్'. 1994 లో వర్జీనియాలోని కింగ్స్ డొమినియన్‌లో ఒకటి, రెండు కరోలినాల సరిహద్దుననున్న కారోవిండ్స్‌లో ఒకటి తెరువబడినవి. మొదటిది 2015 లో మూతపడి, 2018 లో 'ట్విస్టెడ్ టింబర్స్' అయినది. రెండవదానికి ఆ సంస్కారము జరుగలేదు.

మరియొక భంగము కూడ కలదు. ఒహాయోలోని కింగ్స్ ఐలండున 2000 లో తెరువబడిన 'సన్ ఆఫ్ బీస్ట్' 218 అడుగుల ఎత్తుగల కొయ్య కోస్టరు. 2009 లో అది నిలిపివేయబడి కొన్ని సంవత్సరములు కట్టడముగానే నిలిచినది. నిలిచినది గనుక తిరిగి తెరువబడునని తలంచుట సహజమే. కాని 2012 లో దానిని తొలగించిరి. ఆ స్థలమున 2014 లో 'బాన్షీ' అను వేరొక ఉక్కు కోస్టరు వెలసినది.

హేతువు ఉండియు సాధ్యము లేకపోయిన, అట్టి హేతువును తార్కికులు సవ్యభిచారమందురు. పొగ ఉన్నచోట నిప్పు ఉండియే తీరును. కాని ముదిరిన కొయ్య ఉన్నచోట ఉక్కు వచ్చియే తీరదు. మొదటిది ప్రకృతి నియమము. రెండవది మనుష్యుల నిర్ణయము. నిర్ణయమునకు ధనము, జనసమ్మర్దము, ఋణము, స్థలము మున్నగు పెక్కు కారణములు కలవు. కావున ఇట్టిచోట "వచ్చును" అనక, "వచ్చుటకు అవకాశము కలదు" అనుటయే న్యాయము. ఈ రెండు వాక్యముల నడుమ భేదమును గుర్తించినవాడు పాఠములో సగము నేర్చినవాడు.

మూడవ గుర్తు: ప్రకృతి నియమము

మనుష్యుల సంకల్పము మారవచ్చును గాని భూమ్యాకర్షణము మారదు. కావున రాబోవు సవారీని గూర్చిన వార్తలో అంకెలున్నచో, వానిని లెక్కకు నిలిపి చూడవచ్చును. ఎత్తునుండి జారు బండికి ఎంత వేగము వచ్చును అను లెక్క మన ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనిదే. జారిన ఎత్తును మీటర్లలో గ్రహించి 19.6 చే గుణించి, వర్గమూలము కనుగొనవలెను. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో తెలియును. దానిని 3.6 చే గుణించిన, గంటకు కిలోమీటర్లు వచ్చును. బండి బరువునకు ఈ లెక్కలో స్థానము లేదు. ఇది ఒరపిడిని, గాలి అడ్డగింతను విడిచిన లెక్క గనుక నిజమైన వేగము సాధారణముగా దీనికి కొంచెము తక్కువగా నుండును.

సెడార్ పాయింట్‌లోని మూడు కోస్టరులను ఈ ఒరగల్లుమీద గీసి చూతము. 1989 నాటి 'మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200' జారు ఎత్తు 195 అడుగులు, అనగా 59.4 మీటర్లు. లెక్క ప్రకారము వేగము గంటకు సుమారు 123 కిలోమీటర్లు. ప్రకటింపబడిన వేగము 116. స్టీల్ వెంజెన్స్ జారు ఎత్తు 200 అడుగులు, అనగా 61 మీటర్లు. లెక్క 124, ప్రకటన 119. 2000 నాటి 'మిలీనియమ్ ఫోర్స్' జారు ఎత్తు 300 అడుగులు, అనగా 91.4 మీటర్లు. లెక్క 152, ప్రకటన సుమారు 150. మూడింటను ప్రకటిత వేగము లెక్కను మించలేదు. మిక్కిలి తగ్గనూ లేదు. ఇట్టి సూత్రమును నమ్మి ముందునకు పోవచ్చును.

ఇపుడు లెక్కను తలక్రిందు చేయుదము. కొన్ని సవారీలు గొలుసుతో మెల్లగా ఎత్తునకు చేరవు; నేలమీదనే మహావేగముతో త్రోయబడి, ఆ ఊపుతో గోపురము నెక్కును. గ్రేట్ అడ్వెంచర్‌లో 2005 లో తెరువబడిన 'కింగ్డా కా' ఇట్టిది. దాని వేగము గంటకు 206 కిలోమీటర్లు, అనగా సెకనుకు 57.2 మీటర్లు. ఆ సంఖ్యను వర్గము చేసి 19.6 చే భాగించిన సుమారు 167 మీటర్లు వచ్చును. అంతకు మించిన ఎత్తును ఆ వేగముతో ఏ బండియు ఎక్కజాలదు. గోపురమును 139 మీటర్లకే కట్టిరి. మిగిలిన 28 మీటర్లు ఒరపిడికిని, గాలికిని చెల్లించు సుంకము. ఎదురుగాలి మొదలగు కారణములచేత ఆ సుంకము ఎక్కువైన దినమున బండి శిఖరము దాటలేక వెనుకకు జారివచ్చెడిది. అట్లు వచ్చినను ఆపుటకు తగిన ఏర్పాటు ముందే చేసియుండిరి.

ఒకడు వచ్చి, "ఫలానా ఉద్యానమున 200 మీటర్ల గోపురము గట్టుచున్నారు, బండి గంటకు 180 కిలోమీటర్ల వేగముతో త్రోయబడి, మరి ఏ సహాయమును లేక దానినెక్కును" అని చెప్పెననుకొందము. 180 కిలోమీటర్లనగా సెకనుకు 50 మీటర్లు. దాని వర్గము 2500, 19.6 చే భాగించిన 127.5. కావున బండి 128 మీటర్లయినను ఎక్కదు. ఈ వార్తను త్రోసిపుచ్చుటకు అమెరికా పోనక్కరలేదు, యజమానిని అడుగనక్కరలేదు. పలకయు బలపమును చాలును.

శరీరము విధించిన హద్దు

ప్రకృతి నియమము బండికే గాదు, కూర్చున్నవానికిని వర్తించును. 1895 లో న్యూయార్కునందలి కోనీ ద్వీపమున 'ఫ్లిప్ ఫ్లాప్' అను సవారీని నెలకొల్పిరి. అందు బండి సరియైన వృత్తాకారపు ఉచ్చులో తలక్రిందుగా తిరిగెడిది. ఎక్కినవారికి మెడనొప్పులు కలిగినవి. కారణము లెక్కలో కలదు. ఒరపిడి లేదనుకొని, వృత్తపు శిఖరమున బండి పట్టాను విడువకుండ దాటుటకు చాలినంత వేగము మాత్రమే ఇచ్చినను, వృత్తము అడుగున కూర్చున్నవానిపై అతని బరువునకు ఆరు రెట్లు ఒత్తిడి పడును. వృత్తమును పెద్దది చేసినను ఈ ఆరు మారదు. ఈ చిక్కు నీటిబొట్టు ఆకారపు ఉచ్చుచే తీరినది. అడుగున వంపు విశాలముగాను, శిఖరమున ఇరుకుగాను ఉంచిన ఒత్తిడి తగ్గును. 1976 లో మేజిక్ మౌంటెన్‌లో తెరువబడిన 'రెవల్యూషన్' ఈ యుక్తితో నడచెను. ఆ ఉద్యానము 1979 లో సిక్స్ ఫ్లాగ్స్ వారి వశమైనది. కావున "మునుపెన్నడును లేని ఒత్తిడితో క్రొత్త సవారీ వచ్చుచున్నది" అను మాట విన్నపుడు, మెడ యెముకలు మాత్రము పాతవే యని జ్ఞాపకముంచుకొనవలెను.

నాలుగవ గుర్తు: ప్రభుత్వ పత్రములు

సంస్థ రహస్యముంచదలచినను చట్టము కొన్నింటిని బయటపెట్టించును. అమెరికాలో నేలకు 200 అడుగులు మించిన కట్టడమును తలపెట్టువారు విమానయానమునకు భంగము కలుగకుండుటకై ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషనుకు ముందుగా తెలుపవలెను. పురపాలక సంఘములవద్ద కట్టడపు అనుమతులు కోరవలెను. అట్టి పత్రములు ప్రజలు చూడదగినవి. ఎత్తును, స్థలమును అవి చెప్పును. అందువలన వాని సాక్ష్యము బలమైనది.

ఇంకొక పత్రము కలదు గాని దాని బలము తక్కువ. అది పేరును నమోదు చేయించుకొను వ్యాపారచిహ్నపు దరఖాస్తు. ఇకముందు వాడు ఉద్దేశము కలదని చెప్పి పేరును ముందుగానే కోరుటకు అమెరికా చట్టము అనుమతించును. పేరు కోరినంత మాత్రమున సవారీ కట్టుదురని లేదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకుపేరు సోమలింగము" అను మన సామెత ఇట్టి సందర్భమునకు సరిపోవును. పత్రమును చూచినంతనే పొంగిపోక, ఆ పత్రము దేనికి సాక్ష్యము, దేనికి కాదు అని ప్రశ్నించుకొనవలెను.

ఏ గుర్తునకును లొంగనివి

అన్ని గుర్తులు కుదిరినను, ప్రకటన వెలువడినను, కాలము అడ్డుపడవచ్చును. గ్రేట్ అడ్వెంచర్‌లో 'జెర్సీ డెవిల్' అను కోస్టరు 2020 లో వచ్చునని సంస్థయే 2019 లో ప్రకటించెను. ఇంతలో కరోనా మహమ్మారి వచ్చిపడెను. కోస్టరు 2021 లో గాని తెరువబడలేదు.

ఉన్నదానినిగూర్చి సైతము ఎవ్వరును ముందుగా చెప్పలేని సంగతులు కలవు. సెడార్ పాయింట్‌లో 2003 లో తెరువబడిన 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్' 420 అడుగుల ఎత్తుగల సవారీ. 2021 ఆగస్టులో దాని బండినుండి ఊడిన లోహపు ముక్క వరుసలో నిలుచున్న ఒక స్త్రీకి తగిలి, ఆమె తీవ్రముగా గాయపడెను. సవారీ నిలిచిపోయినది. త్రోయు యంత్రమును మార్చి, రెండవ గోపురమును కట్టి, 2024 మే నెలలో 'టాప్ థ్రిల్ 2' అను పేరుతో తెరచిరి. కొద్ది దినములకే మరల నిలిపి, 2025 లో తిరిగి నడపిరి. కింగ్డా కా సంగతి ఇంకను విచిత్రము. ప్రపంచమున అంతటి ఎత్తుగల కోస్టరు మరొకటి లేనప్పుడే 2024 నవంబరు 10 వ తేదీతో దాని సేవ ముగిసినది. ముందుగా వీడ్కోలు దినమును ప్రకటింపలేదు. 2025 ఫిబ్రవరి 28 న గోపురమును ప్రేలుడు పదార్థములతో కూల్చిరి. క్రొత్తది వచ్చునని ఉత్సాహముతో ఊహించువాడు, దానికొరకు పాతదేదో తొలగిపోవలసి యుండునని కూడ ఊహింపవలెను. తొలగినదానిపై ప్రేమగలవారికి అది చిన్న నష్టము కాదు.

సాక్షులు ఎందరు?

వార్తను పరీక్షించునపుడు మరియొక జాగ్రత్త అవసరము. పదిమంది చెప్పిరి గనుక నిజమగునని తలంపరాదు. ఆ పదిమందియు ఒక్కనివలననే వినియుందురేమో విచారింపవలెను. ఇది మన పిల్లలు ప్రత్యేకముగా గమనింపదగిన సంగతి. మనము ఇంట తెలుగును, వీధిలో మరియొక భాషను, బడిలో వేరొక భాషను వినుచు పెరుగువారము. ఒకే పుకారు వీధిలో తమిళమునగాని కన్నడమునగాని ఒరియానగాని చెవిని బడి, సాయంకాలము ఇంట తెలుగున మరల వినబడును. భాషలు వేరగుటచే ఇద్దరు సాక్షులు చెప్పినట్లు తోచును. సాక్షి ఒక్కడే, వేషములు రెండు. అనేక భాషలు వచ్చుట గొప్ప భాగ్యమే గాని, అది పుకారునకు అనేక ద్వారములు తెరచుట కారాదు. భాషలు తెలిసినవాడు వార్త పుట్టిన చోటును వెదకిపోగలడు. ఆ శక్తిని వినియోగించుటయే ఆ భాగ్యమునకు ఫలము.

అభ్యాసము

ఈ పాఠమును దూరదేశపు విషయముగా విడువనక్కరలేదు. మన ప్రాంతములలో వండర్‌లా సంస్థకు అనేక ఉద్యానములు కలవు. 2000 లో కొచ్చిలోను, 2005 లో బెంగుళూరు సమీపమునను, 2016 లో హైదరాబాదునను, 2024 లో భువనేశ్వరమునను, 2025 డిసెంబరులో చెన్నపట్టణ సమీపమునను అవి తెరువబడినవి. 'రికాయిల్' అను కోస్టరు బెంగుళూరునను హైదరాబాదునను కూడ కలదు. మన సంఘములున్న పట్టణములకు ఇవి దగ్గరివి గనుక, పిల్లలలో "ఈ సంవత్సరము అది వచ్చునట, ఇది వచ్చునట" అను మాటలు పుట్టుట సహజము. అట్టి మాట చెవిని బడినపుడు విద్యార్థులు ఈ క్రింది ప్రశ్నలు వేసికొనవలెను.

1. చెప్పువాడు చూపు హేతువేది? హేతువు లేనిచో అది కోరిక మాత్రమే.
2. ఆ హేతువుండియు ఫలితము రాని ఉదాహరణము ఒక్కటియైనను కలదా? కలదేని "వచ్చును" అను మాటను "రావచ్చును" అని మార్చవలెను.
3. వార్తలో అంకెలున్నచో అవి ప్రకృతి నియమమునకు సరిపడుచున్నవా?
4. ఈ సంగతిని కంటితో చూచినవాడో, పత్రమును చదివినవాడో ఎవడైన కలడా, లేక అందరును విన్నవారేనా?
5. ఏది జరిగిన ఈ ఊహ తప్పని ఒప్పుకొందుము? ఏది జరిగినను తప్పు కాదనిన, ఆ ఊహ ఏమియు చెప్పుట లేదని తెలియవలెను.

ఉపసంహారము

సవారీ వచ్చినను రాకున్నను లోకమునకు పెద్ద హాని లేదు. కావుననే అభ్యాసమునకు ఇది తగిన క్షేత్రము. కత్తిసాము నేర్పువాడు మొదట కొయ్యకత్తి నిచ్చును. కాని ఇదే మనస్సు పరీక్షకు ముందు "ఈ ప్రశ్నయే వచ్చునట" అను మాటను విని పుస్తకమును మూయును. ఇదే మనస్సు ఒక పొరుగువానిని గూర్చిన నిరాధారమైన మాటను విని వానిని దొంగయని తలంచును. అచట ఓడిపోవునది వినోదము కాదు. ఒక విద్యార్థియొక్క సంవత్సరము, ఒక మనుష్యుని పరువు. వాడుక మాటలోని అనుమానము మనుష్యులను విడదీయును. శాస్త్రములోని అనుమానము హేతువును చూపి, ఎదుటివానిని కూడ పరీక్షింపుమని పిలుచును. మొదటిది కలిగినపుడెల్ల దానిని రెండవదిగా మార్చుకొన యత్నించుట, మారనపుడు దానిని నోట పలుకకుండుట విద్యావంతునకు విధి.